పాసుపుస్తకం, పొలం: ఫోటోల దిగుమతికి ఒక చిన్న చరిత్ర

మా ఊళ్ళో ఇంటి ముందుగదిలో నాయనమ్మ ఫోటో ఉంది. దండ వేసి ఉండటం వల్ల చాలామంది గమనించరు గానీ, ఆ ఫోటో మసక. కళ్ళజోడు అంచులు మెట్లుమెట్లుగా ఉంటాయి. చెవికమ్మలు రెండు తెల్లచుక్కలు. ముఖం మీద ఒక్క ముడత కనిపించదు. వచ్చినవాళ్ళు "ఎంత బాగా వచ్చిందో, వయసే తెలియట్లేదు" అంటారు. ముడతలు లేకపోవడానికి కారణం ఉంది. అది అసలు ఫోటో కాదు. ఒక సాఫ్ట్‌వేర్ తన తెర మీద చూపించే చిన్న నమూనా బొమ్మకి నేను తీసిన స్క్రీన్‌షాట్. అసలు ఫోటోని నేనే చెరిపేశాను.

జరిగింది ఇది. 2011లో, కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్న రోజుల్లో, మొదటి ఉద్యోగం డబ్బులతో కొన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా పట్టుకుని ఊరికెళ్ళాను. ఆ ఎర్రటి కుప్పల మధ్య నాయనమ్మని కూచోబెట్టి 140కి పైగా ఫోటోలు తీశాను. హైదరాబాదు రూముకి తిరిగొచ్చి కార్డులో ఉన్నవన్నీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లోకి వేశాను. తర్వాత ఒక ఫోటోల సాఫ్ట్‌వేర్ తెరిచి ఇంపోర్ట్ నొక్కాను. అదేదో అడిగింది. చదవకుండా ఒకటి ఎంచుకుని సరే అన్నాను. ఫోటోలన్నీ వరసగా కనిపించాయి. లోపలికొచ్చేశాయి కదా అనుకున్నాను. లాప్‌టాప్‌లో జాగా తక్కువ. డెస్క్‌టాప్ మీది ఫోల్డరు అనవసరంగా రెండో కాపీలా అనిపించి, శాశ్వతంగా తీసేశాను. కార్డుని ఫార్మాట్ చేసి, తర్వాతి వారం శ్రీశైలం వెళ్ళి దాన్ని నిండా నింపాను.

సాఫ్ట్‌వేర్ మాత్రం నాయనమ్మ బొమ్మల్ని చూపిస్తూనే ఉంది. రెండేళ్ళ తర్వాత ఆవిడ పోయినప్పుడు నాన్న ఫోన్ చేసి, "పెద్దకర్మకి ఫోటో కట్టించాలిరా, నువ్వు తీసినవాట్లో మంచిది పంపు" అన్నాడు. మంచిది ఎంచి ఎక్స్‌పోర్ట్ నొక్కాను. ఫైలు దొరకలేదంది.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అక్కర్లేదు. అది తప్పేమీ చేయలేదు. నేను చెప్పిందే చేసింది, కాకపోతే నేనేం చెప్పానో నాకే తెలియదు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, అప్పటికి నేను డేటాబేసు టేబుళ్ళకి కోడు రాసి జీతం తీసుకుంటున్నాను. ఒక వస్తువు వేరు, దాని చిరునామా వేరు అన్నది నా రోజువారీ పని. ఆ తేడా నా ఇంటి ఫోటోల దగ్గర నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో తెలుసుకోవాలని తర్వాత కొన్నేళ్ళపాటు ఆ ఒక్క బటను చరిత్ర తవ్వుకుంటూ పోయాను. ఇది ఆ తవ్వకం.

*

ముందు ఆ మాట సంగతి చూద్దాం. దిగుమతి అనగానే ఓడ గుర్తొస్తుంది. సరుకు ఓడ దిగి ఒడ్డుకొస్తుంది. ఒడ్డునున్న సరుకు ఇంక ఓడలో ఉండదు. ఇంగ్లీషు మాట మూలం చూసినా లోపలికి మోసుకురావడమనే అర్థం. ఫోటోల సాఫ్ట్‌వేర్లో ఉన్న ఇంపోర్ట్ మాత్రం కనీసం మూడు పనులకి ఒకే పేరు. ఒకటి, ఫోటోకి ఇంకో కాపీ చేసి కొత్తచోట పెట్టడం. రెండు, ఉన్నచోటు నుంచి ఎత్తి కొత్తచోటికి మార్చడం. మూడు, ఫోటోని ఉన్నచోటే ఉంచేసి, అది ఎక్కడుందో ఒక పద్దు రాసుకోవడం.

ఈ మూడోదాన్ని మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే పాసుపుస్తకమే సరైన పోలిక. పాసుపుస్తకంలో సర్వే నంబరుంటుంది, విస్తీర్ణం ఉంటుంది. పొలం మాత్రం అందులో ఉండదు. పొలాన్ని ఏరు కోసుకుపోయినా పాసుపుస్తకం బీరువాలో భద్రంగానే ఉంటుంది. నేను చేసింది సరిగ్గా అదే. పాసుపుస్తకం చేతికొచ్చింది కదా అని పొలాన్ని ఏట్లో కలిపేశాను.

ఈ గందరగోళం ఒక్క రోజులో పుట్టింది కాదు.

*

ఫిల్ము రోజుల్లో ఈ ప్రశ్న వేరే రూపంలో ఉండేది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమ్మిన కోడాక్ కెమెరా ఖరీదు 25 డాలర్లు. లోపల 100 ఫోటోలకి సరిపడా ఫిల్ము నింపి ఇచ్చేవాళ్ళు. అయిపోయాక కెమెరా మొత్తాన్నీ రోచెస్టర్‌లోని కంపెనీకి పంపాలి. వాళ్ళు ఫోటోలు కడిగి, కొత్త ఫిల్ము వేసి, 10 డాలర్లు తీసుకుని తిరిగి పంపేవాళ్ళు. మీట నొక్కడం వరకే మీ పని, తక్కినదంతా మాది అని కంపెనీ చాటుకునేది. ఫోటో తీయడాన్నీ, దాన్ని దాచే పనినీ విడదీసిన మొదటి పెద్ద ఏర్పాటు ఇదే. తీసేవాడికి లోపల ఏం జరుగుతుందో తెలియనక్కర్లేదు అన్న ఆలోచన అక్కడ మొదలైంది. నేను చదవకుండా సరే అన్నానే, ఆ సరే అనే అలవాటు వయసు నూట ఇరవై ఏళ్ళకి పైమాటే.

దానికి పూర్తిగా ఎదురు దిక్కున ఉన్నవాడు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పనిచేసి, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఇంజనీరు కాబట్టి చెబుతున్నానని అనుకోకండి గానీ, ఆయన స్టూడియో ప్రింట్లు చూస్తే బొమ్మతోపాటు సంఖ్యా, శీర్షికా కూడా కనిపిస్తాయి. గాజుపలక ఒకటి, దాన్ని గుర్తుపట్టడానికి సంఖ్య ఒకటి. పొలమూ ఉంది, సర్వే నంబరూ ఉంది. ఆ స్టూడియో గాజుపలకల్లో 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వందేళ్ళు దాటినా అవి ఎవరివో, ఎక్కడివో మనం చెప్పుకోగలగడానికి బొమ్మల అందం ఎంత కారణమో ఆ సంఖ్యలూ శీర్షికలూ అంతే కారణం.

మన చిన్న టౌను స్టూడియోల్లోనూ ఇదే పద్ధతి. ప్రింటు మనకిచ్చి నెగటివ్ వాళ్ళే ఉంచుకునేవాళ్ళు. కవరు మీద నంబరు రాసేవాళ్ళు. ఇంకో కాపీ కావాలంటే ఆ కవరు పట్టుకెళ్ళాలి. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండేది కాదు: ప్రింటు ఇంట్లో, నెగటివ్ స్టూడియోలో, నంబరు కవరు మీద. మూడూ మూడు వస్తువులు, మూడింటినీ చేత్తో పట్టుకోవచ్చు.

*

కంప్యూటర్లోకి మొదటిసారి ఫోటో వెళ్ళింది 1957లో. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు తిరిగే డ్రమ్ము మీద ఫోటో చుట్టి, దాన్ని వెలుతురుతో చదివించి, సీయాక్ అనే కంప్యూటర్లోకి పంపాడు. ఆ ఫోటోలో ఉన్నది మూడు నెలల వయసున్న ఆయన కొడుకు. అడ్డం 176 చుక్కలు, నిలువు 176 చుక్కలు. ఇప్పటి ఫోన్లో సూక్ష్మచిత్రం కూడా అంతకంటే పెద్దది. నాకు ఇందులో నచ్చేదేమంటే, మొట్టమొదటి దిగుమతి ఏ యుద్ధవిమానం బొమ్మో కాదు, ఒక తండ్రి ఇంటినుంచి తెచ్చుకున్న పిల్లాడి ఫోటో. ఈ మొత్తం కథ ఇంటి ఫోటోతోనే మొదలైంది.

1975లో కోడాక్‌లో స్టీవెన్ సాసన్ డిజిటల్ కెమెరా తయారుచేశాడు. 100కి 100 చుక్కలు. ఒక్క ఫోటోని క్యాసెట్ టేపు మీద రాసుకోవడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే క్యాసెట్టు తీసి ఇంకో యంత్రంలో పెట్టి, టీవీ మీద చూడాలి. క్యాసెట్టులో 30 ఫోటోలు పట్టేలా పెట్టుకున్నాడు. ఫిల్మురోళ్ళలో 24 ఫోటోలవీ, 36 ఫోటోలవీ ఉండేవి కాబట్టి జనానికి అలవాటైన లెక్కకి దగ్గరగా ఉంటుందని అలా ఎంచుకున్నానని తర్వాత చెప్పాడు. కొత్త యంత్రానికి పాత చొక్కా తొడగడం ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్, సినిమా గ్రాఫిక్స్‌లో పనిచేస్తున్న తమ్ముడు జాన్ నోల్ కలిసి మొదలుపెట్టిన ప్రోగ్రామే ఫోటోషాప్. మొదట బార్నీస్కాన్ అనే స్కానరుతో కలిపి కొద్దిగా అమ్మారు. 1990 ఫిబ్రవరిలో అడోబీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. గమనించండి, ఫోటోషాప్‌లో ఉన్న పద్ధతి ఓపెన్, సేవ్. దరఖాస్తు ఫారం తీసి, దిద్ది, మళ్ళీ ఫైల్లో పెట్టినట్టే. ఒకసారికి ఒక ఫోటో. అప్పుడు అంతే ఉండేవి. ఒక్కో ఫోటోని స్కానరు మీద పెట్టి, ఓపిగ్గా కాచుకుని, పేరు పెట్టి దాచేవాళ్ళు. పేరు పెట్టేది మనిషే కాబట్టి అది ఎక్కడుందో మనిషికి తెలుసు. ఈ దశలో పాసుపుస్తకం అవసరమే లేదు, ఎందుకంటే పొలం అరసెంటు.

*

వేలసంఖ్యలో ఫోటోలు వచ్చిపడ్డది మెమరీ కార్డులతో. కాంపాక్ట్‌ఫ్లాష్ 1994లో వచ్చింది, ఎస్డీ కార్డు 1999లో. ఇప్పుడు పేర్లు పెట్టేది మనిషి కాదు, కెమెరా. ఏ కంపెనీ కెమెరాకి ఆ కంపెనీ పద్ధతి ఉంటే కార్డు ఇంకోచోట చదవడం కష్టం కాబట్టి, జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 1998లో ఒక నియమావళి తెచ్చింది. దాని పేరు డీసీఎఫ్. మీ ఫోను కంప్యూటర్‌కి తగిలిస్తే కనిపించే డీసీఐఎమ్ అనే ఫోల్డరు అక్కడిదే. లోపలి ఫోల్డర్లకి 100 నుంచి 999 దాకా సంఖ్యలు. ఫైలు పేరుకి నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. ఎనిమిదే ఎందుకంటే అప్పటి కార్డులు వాడిన డాస్ ఫైలు పద్ధతిలో పేరుకి ఎనిమిది అక్షరాలే పడతాయి.

నాలుగు అంకెలంటే 0001 నుంచి 9999 దాకా. తర్వాత మళ్ళీ 0001. అంటే పదివేలో ఫోటోకి వచ్చేసరికి మొదటి ఫోటో పేరే మళ్ళీ వస్తుంది. రెండు కెమెరాలు వాడే ఇంట్లో అంతదాకా కూడా ఆగక్కర్లేదు. అన్నీ ఒకే ఫోల్డర్లో పోసే అలవాటున్నవాళ్ళకి కంప్యూటర్ ఒక రోజు "ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దానిమీద రాయమంటారా?" అని అడుగుతుంది. అవునని నొక్కితే పాత అన్నప్రాశన మీద కొత్త గృహప్రవేశం కూచుంటుంది. దిగుమతి చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్లు పేరు మార్చమంటారా అని అడిగేది ఇందుకే. పేరులో తేదీ చేర్చుకోమని అనుభవం ఉన్నవాళ్ళు చెప్పేదీ ఇందుకే.

ఆ తేదీ ఎక్కడినుంచి వస్తుంది? ఎగ్జిఫ్ నుంచి. 1995లో వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం కెమెరా ప్రతి ఫోటో ఫైలు లోపలా చిన్న చీటీ ఒకటి పెడుతుంది: ఏ రోజు, ఏ సమయం, ఏ లెన్సు, ఎంత వెలుతురు. కవరు మీది నంబరుకి ఇది వారసురాలు, పైగా కవరులా విడిపోదు. కానీ చాలా ఏళ్ళపాటు ఆ చీటీలో ఒక గడి లేదు. సమయం రాసేవాళ్ళు, ఏ దేశపు సమయమో రాయడానికి చోటు లేదు. 2016లో వచ్చిన సవరణతోగానీ అది చేరలేదు. దీని ప్రభావం మన ఇళ్ళలో ఎలా ఉంటుందో నేను ప్రత్యక్షంగా చూశాను. చిన్నాన్న కూతురి పెళ్ళికి డాలస్ నుంచి వచ్చిన అన్నయ్య తన కెమెరా గడియారం మార్చలేదు. చలికాలం కాబట్టి పదకొండున్నర గంటల తేడా. రాత్రి పదిన్నర ముహూర్తం ఆయన కెమెరాలో పొద్దున పదకొండు. రెండు కెమెరాల ఫోటోలూ కలిపి దిగుమతి చేస్తే, సాయంత్రం ఎదురుకోలుకి ముందే తలంబ్రాలు అయిపోయాయి. పెద్దమ్మ చూసి, "ఇదేం పెళ్ళిరా, జీలకర్ర బెల్లం పెట్టాక పెళ్ళికొడుకు ఊళ్ళోకి దిగాడా?" అంది. ఒక కెమెరా ఫోటోలన్నీ ఎంచి, సమయాన్ని ఒకేసారి జరిపే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. కలిపిన తర్వాత కంటే కలపకముందు చేస్తే సుఖం.

*

ఇన్ని వేల ఫోటోల్ని సామాన్యుడు ఎలా ఏలుకోవాలి? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, కెమెరా తగిలించగానే ఒక విజార్డు తెరిచి, ఫోటోల్ని ఒక ఫోల్డర్లోకి కాపీ చేసేది. అది సరుకు దింపి వెళ్ళిపోయే లారీ. ఎక్కడ దింపిందో గుర్తుంచుకోవడం మన పని. 2002 జనవరిలో ఆపిల్ తెచ్చిన ఐఫోటో అలాక్కాదు. ఫోటోల్ని తన సొంత లైబ్రరీలోకి తీసుకుని, ఏడాది, నెల, రోజు వారీగా ఫోల్డర్లు కట్టి, వాటిని మనం చూడనక్కర్లేకుండా చేసింది. ఒకసారి దింపిన ఫోటోల గుంపుని అది ఫిల్మురోలు అనేది. మళ్ళీ పాత చొక్కానే. తర్వాతి వెర్షన్లలో ఆ లైబ్రరీ విప్పలేని మూటలా ఒకే ఫైలుగా కనిపించేది. ఇక్కడ దిగుమతి అంటే నిజంగానే దిగుమతి. ఫోటో లోపలికి వెళ్ళింది, ఇంక అది ఇంటివాళ్ళ పెత్తనం.

పికాసాది ఇంకో దారి. లైఫ్‌స్కేప్ అనే చిన్న కంపెనీ చేసిన ఈ ప్రోగ్రాముని 2004లో గూగుల్ కొని ఉచితంగా ఇచ్చింది. మొదటిసారి తెరిస్తే హార్డ్‌డిస్కంతా గాలించి, ఎక్కడెక్కడి ఫోటోలనో చూపించేది. మనం మరిచిపోయిన ఫోల్డర్లలోంచి మొహాలు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే చూసిన ఆనందం నా వయసువాళ్ళకి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పికాసా ఫోటోల్ని కదిపేది కాదు, ఉన్నచోటే ఉంచి చూపించేది. అక్కడ ఫోల్డరు చెరిపితే పికాసాలోనూ మాయమయ్యేది. నా తరం పికాసా మీద పెరిగింది. సాఫ్ట్‌వేర్లో కనిపిస్తోంది అంటే డిస్కు మీద ఉంది అన్న నమ్మకం మాకు దాంతోనే వచ్చింది.

ఆ నమ్మకాన్ని పట్టుకుని నేను మూడో రకం సాఫ్ట్‌వేర్లోకి అడుగుపెట్టాను. ఈ రకం పుట్టుక రా ఫైళ్ళతో ముడిపడి ఉంది. రా ఫైలంటే కెమెరా సెన్సరు చూసింది చూసినట్టు, వండకుండా ఇచ్చేది. దాన్ని దిద్దకూడదు, దాని నుంచి బొమ్మ వండుకోవాలి. అంచేత 2005లో ఆపిల్ తెచ్చిన అపర్చర్, 2006 జనవరిలో ప్రయోగరూపంలోనూ 2007 ఫిబ్రవరిలో పూర్తిగానూ వచ్చిన అడోబీ లైట్‌రూమ్, ఒకే ఆలోచన మీద కట్టారు: అసలు ఫైలుని ముట్టుకోవద్దు. చేసిన ప్రతి మార్పునీ, ఉప్పెంత కారమెంత అన్నట్టు, వేరే పుస్తకంలో రాసుకుందాం. చూపించాల్సినప్పుడు ఆ లెక్క ప్రకారం అప్పటికప్పుడు వండి చూపిద్దాం. లైట్‌రూమ్‌లో ఆ పుస్తకాన్ని కాటలాగు అంటారు. ఇంజనీర్లకి చెప్పాలంటే అదొక ఎస్క్యూలైట్ డేటాబేసు. ఫోటో చిరునామా, రేటింగు, కీవర్డులు, దిద్దుబాట్ల వరస అన్నీ అందులో ఉంటాయి. ఫోటో ఉండదు. త్వరగా చూపించడానికి చేసుకున్న నమూనా బొమ్మలు పక్కన ఇంకో ఫైల్లో ఉంటాయి.

లైట్‌రూమ్ దిగుమతి తెరపైన నాలుగు మాటలుంటాయి: డీఎన్‌జీగా మార్చి కాపీ, కాపీ, మూవ్, యాడ్. వీటిలో ఆఖరిదే నేను పైన చెప్పిన మూడో అర్థం. ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ ఏదో ఒక పేరుతో ఆ ఎంపిక ఉంటుంది. రోజుకి వెయ్యి ఫోటోలు తీసి, తన ఫోల్డర్ల పద్ధతి తనకుండే వృత్తి ఫోటోగ్రాఫరుకి అది వరం. కొత్తవాడికి అది పాసుపుస్తకం అని చెప్పకుండా ఇచ్చిన పాసుపుస్తకం.

రూపకర్తల మీద నాకిప్పుడు కోపం లేదు. అసలుని ముట్టుకోకపోవడం నిజంగా గొప్ప ఆలోచన. ఫోటోషాప్ కాలంలో ఒకసారి సేవ్ కొడితే వెనక్కి రాలేని తప్పులు ఇందులో జరగవు. కానీ దానికి మూల్యంగా వాడేవాడు రెండు వస్తువుల్ని కాపాడుకోవాలి, ఫోటోల్నీ కాటలాగునీ. ఒకటి పోతే రెండోది సగమే. ఫోల్డర్లు కదపాలంటే ఆ సాఫ్ట్‌వేర్ లోపలినుంచే కదపాలి. బయటినుంచి కదిపితే పొలం ఉన్నా పాసుపుస్తకానికి దొరకదు. కాటలాగుకి బ్యాకప్ తీసుకుంటే ఫోటోలకి బ్యాకప్ తీసుకున్నట్టు కాదు. ఫోటోలు రెండు వేర్వేరు డిస్కుల మీద ఉన్నాయని కళ్ళతో చూసుకున్నాకే కార్డు చెరపాలి. పదేళ్ళుగా నేను పాటిస్తున్నవి ఇవే, ఎవరైనా అడిగితే చెప్పేవీ ఇవే.

కార్డు సంగతిలో ఒక చిత్రం ఉంది. నేను కార్డు ఫార్మాట్ చేసినప్పుడు కూడా నాయనమ్మ అక్కడే ఉంది. సాధారణంగా కెమెరాలో ఫార్మాట్ చేస్తే చెరిగేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. ఫోటోల తాలూకు అంకెలు, వాటిమీద ఇంకోటి రాసేదాకా, అలాగే ఉంటాయి. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు పట్టిక లేకపోయినా వెతికి తీయగలవు. అంటే కంప్యూటర్లో రోజులపాటు పొలం లేని పాసుపుస్తకం, కార్డులో పాసుపుస్తకం లేని పొలం, రెండూ నా గదిలోనే ఉన్నాయి. రెండింటినీ కలపొచ్చని తెలియక శ్రీశైలం డ్యాము ఫోటోల్ని ఆవిడ మీద రాశాను.

*

ఇప్పుడు ఈ బటనే కనిపించట్లేదు. 2015 మేలో వచ్చిన గూగుల్ ఫోటోస్, ఫోనులో తీసిందల్లా తనంతట తానే పైకి పంపేసుకుంటుంది. కొంత నాణ్యత తగ్గించి దాచుకుంటే ఎన్నైనా ఉచితం అన్నారు. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలకి ఆ ఉచితం పోయింది. ఈస్ట్‌మన్ కెమెరా మళ్ళీ వచ్చింది: మీట నొక్కితే చాలు. కాకపోతే ఈసారి ఫిల్ము రోచెస్టర్‌లోనే ఉండిపోతుంది, మనకొచ్చేది చూసే వీలు.

ఈలోపు పుస్తకాలు రాసిన గుమాస్తాలే పోయారు. అపర్చర్‌నీ ఐఫోటోనీ ఇక అభివృద్ధి చేయమని ఆపిల్ 2014లో చెప్పింది. పికాసాకి గూగుల్ 2016 మార్చిలో సెలవిచ్చింది. గంటల తరబడి కూచుని ఇది అత్త, ఇది మామయ్య అని పెట్టుకున్న గుర్తులు చాలావరకూ ఆ ప్రోగ్రాములతోనే పోయాయి. మిగిలినవి ఫోటోలు, ఫోటో ఫైలు లోపల రాసి ఉన్న మాటలు. పద్దుపుస్తకం ఎంత బాగున్నా, పొలం గట్టున పాతిన హద్దురాయి వేరు.

ఆ హద్దురాయి మీద తెలుగులో రాయొచ్చా అన్నది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. ఎగ్జిఫ్‌లో వివరణ రాసే గడి మొదటినుంచీ ఇంగ్లీషు అక్షరాల కోసం కట్టింది. ప్రపంచభాషలన్నీ పట్టే యూనికోడ్‌కి అక్కడ సరైన చోటు దొరికింది 2023లో వచ్చిన మూడో వెర్షన్‌తో. అదృష్టం కొద్దీ 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్ఎంపీ అనే ఇంకో చీటీ మొదటినుంచీ యూనికోడే. జేపెగ్ ఫైలు లోపలే కూచుంటుంది, తెలుగు చక్కగా పడుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో, మార్పుల్ని ఫైలు లోపల కూడా రాయి అని చెబితే గానీ రాయవు. చెప్పాలి.

మనవైపు ఇంకో చిక్కుంది. మన కుటుంబాల్లో ఫోటోలు చేతులు మారేది వాట్సాప్ మీద. అక్కడ ఫోటోగా పంపితే చిన్నదైపోతుంది, ఎగ్జిఫ్ చీటీ రాలిపోతుంది. తీసిన తేదీ పోయి, అందిన తేదీ మిగులుతుంది. అమ్మ ఫోన్లో ఉన్న ఫోటోలన్నీ ఎవరో ఒకరు పంపినవే కాబట్టి, వాటిని అలాగే దిగుమతి చేస్తే తాతయ్య షష్టిపూర్తి నిరుడు జరిగినట్టుంటుంది. డాక్యుమెంటుగా పంపమని మావాళ్ళకి చెప్పి చెప్పి అలిసిపోయాను. బాబాయ్ ఒక్కడే వింటాడు.

మొన్న ఊరికెళ్ళినప్పుడు ఇనప్పెట్టెలో తాతయ్య దాచిన ప్రింట్లు తీశాను. అరవై దాకా ఉన్నాయి. దాదాపు ప్రతిదాని వెనకా పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం. ఎవరూ ఆయనకి మెటాడేటా అన్న మాట చెప్పి ఉండరు. స్కాన్ చేసేటప్పుడు ముందువైపుతో పాటు వెనకవైపు కూడా చేశాను. ఆయన రాసినవన్నీ తెలుగులోనే ఫైళ్ళ లోపలికి ఎక్కించాను.

చివరికి నాయనమ్మ బొమ్మ దగ్గరికొచ్చాను. స్క్రీన్‌షాట్ కాబట్టి దానికి కెమెరా లేదు, లెన్సు లేదు. తేదీ ఉంది, కానీ అది నేను స్క్రీన్‌షాట్ తీసిన రోజు, అంటే ఆవిడ పోయిన నాలుగో రోజు. అందువల్ల ఇన్నాళ్ళూ సాఫ్ట్‌వేర్లో మిరపకల్లంలో నవ్వుతున్న ఆవిడ 2013లో, తన పెద్దకర్మ ఫోటోల మధ్య కూచుని ఉంది. తేదీ మార్చే గడి తెరిచి 2011 మార్చి అని వేశాను. రోజు కూడా కావాలంది. నాన్నని అడిగితే గుర్తులేదన్నాడు. నాకూ లేదు. ఒకటో తేదీ వేసి, కింద వివరణలో "రోజు సరిగ్గా తెలియదు, మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి" అని తెలుగులో రాసి, ఫైలు లోపల దాచమన్నాను.